పున్నమ్మ పెంచిన చలిదేశపు మొక్క

బెజవాడ కొత్తపేటలో మగ్గాల వీధివాళ్లు పున్నమ్మను మంచి మనిషనేవారు. ఆమె భర్త ఆదిశేషయ్య పోయాక మాత్రం రాతిగుండె అనడం మొదలుపెట్టారు. మొగుడు పోయిన ఆడది ఏడవకపోతే ఆ వీధి ఒప్పుకోదు మరి. ఏడుపు రాలేదు, రాని ఏడుపును ఎక్కణ్ణించి తెస్తుంది? కోపమూ రాలేదు. తింటే రుచి తెలియదు, తినకపోతే ఆకలి తెలియదు. యుద్ధం రోజులు కావడంతో నూలు దొరకడమే గగనంగా ఉండేది. దొరికిననాడు రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది, దొరకనినాడు ఊరికే కూర్చునేది.

ఆవిడకు మిగిలిన పనల్లా ఒక మొక్క. గుంటమగ్గంలో కాళ్లు దించుకుని ఏళ్ల తరబడి నేసిన ఆదిశేషయ్యకు మోకాళ్లు పట్టేశాయి. పున్నమ్మ తమ్ముడు చౌడయ్య కూనూరులో టీతోట దొరగారి దగ్గర వంటవాడు. అక్కడి కొండల్లో ఏడాది పొడుగునా పచ్చగా ఉండే పొద ఒకటుందనీ, దాని ఆకు నలిపితే అచ్చం కీళ్లనొప్పుల తైలం వాసనేననీ చెప్పి, వేళ్లకు తడి నాచు చుట్టి రైల్లో పట్టుకొచ్చాడు. ఆకు నూనెలో కాచి రాయాలంటే ముందు మొక్క గుబురెక్కాలి. అది గుబురెక్కకముందే, ఆ చలికాలంలోనే, ఆదిశేషయ్య జ్వరం తగిలి పోయాడు.

అయినా పున్నమ్మ మొక్కను వదల్లేదు. అది పచ్చగా ఉన్నంతకాలం ఆయన కోసం చేయవలసిన పని ఇంకా మిగిలే ఉందనిపించేది. అదీ పోతే తానేమవుతుందోనని భయం. ఆవిడలో ప్రాణంతో ఉన్నది ఆ ఒక్క భయమే.

చలిదేశపు మొక్కను బెజవాడ ఎండలో బతికించడమంటే మాటలా! నల్లమట్టి పనికిరాదని మొగల్రాజపురం కొండ కింది ఎర్రమన్ను తెచ్చి, కుళ్లిన ఆకు కలిపి తొట్టి నింపింది. నూతినీళ్లు ఉప్పన, అందుకని వాననీళ్లు కాగుల్లో పట్టి దాచి పోసేది. అప్పుడప్పుడు పులిసిన మజ్జిగ తేట. వడగాడ్పు రోజుల్లో మొక్కను వసారా నీడకు జరిపి, చుట్టూ తడి గోనెలు కట్టి, తాను మాత్రం మిట్టమధ్యాహ్నం పెరట్లో నూలు ఆరేసుకునేది. ఎండలు గడిచాయి. కార్తీకంలో కొమ్మల చివర చిన్న చిన్న తెల్లపూలు గంటల్లా తలలు వేలాడేసి పూశాయి.

"భలే పూసిందే పున్నమ్మా!" అంది పొరుగింటి భద్రమ్మ.

"ఆఁ, పూసింది," అంది పున్నమ్మ. అంతకుమించి ఏమీ అనిపించలేదు.

సంవత్సరీకం వస్తోందని ముందుగానే ఇంటికి సున్నం వేసింది. గోడలయ్యాయి, తులసికోట అయింది. పక్కనున్న మొక్క ఏం పాపం చేసింది? దాని తొట్టికీ సున్నం పూసి, ఎర్రని జాజు పట్టెలు దిద్దింది. చీమలు చేరవని మిగిలిన సున్నపు తేటంతా మొక్క మొదట్లో కుమ్మరించింది. ఆ ముచ్చటే దాని కొంప ముంచింది. ఆకులు పాలిపోయి, పసుపెక్కి, ఒక్కొక్కటీ రాలడం మొదలుపెట్టాయి. ఎందుకో తెలియక ఆవిడ ఇంకాసిని నీళ్లు పోసింది.

సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక చౌడయ్య పెరట్లోకొచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"సున్నం పోశావా అక్కా? ఇది పులుపు నేలలో పెరిగేది. సున్నం దీనికి విషమే. నీకు ముందే చెప్పాల్సింది, నాదే బుద్ధి తక్కువ."

"అలాగా," అంది.

"పోన్లే, ఇంకేముంది ఇందులో? పీకి పారేస్తా. ఈసారి వచ్చేటప్పుడు ఇంకోటి తెస్తాలే." వంగి మొదలు పట్టుకున్నాడు.

పున్నమ్మ అతని మణికట్టు పట్టుకుంది. అంత బలం తనలో ఉందని ఆవిడకే తెలియదు.

"పోయిందని నాకూ తెలుసురా. ఆవేళా తెలుసు. పొద్దు గూకుతోందని మీరంతా తొందరపెట్టి మీ బావను లేవదీశారు. ఆ మోకాళ్ల మీద ఒక్కసారి చెయ్యేద్దామనుకున్నా. వెయ్యనిచ్చారు కాదు. దీన్నన్నా కాసేపు ఉండనీరా."

చౌడయ్య చెయ్యి తీసేశాడు. పున్నమ్మ చతికిలబడి, ఎండిన ఆ మొదలును రెండు చేతులా పట్టుకుని, వీధంతా వినపడేలా ఏడ్చింది.