జోగారావు సోలార్ తెర

చిక్కడపల్లిలో ఫ్యాన్ల దుకాణం నడిపే జోగారావుకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బేరమాడిన గిరాకీ చెంప పగలగొట్టాడు. పెళ్ళిపందిట్లో బావమరిది పన్ను రాలగొట్టాడు. భార్య రత్నమాలను మాత్రం ఏనాడూ కొట్టలేదట, అదొక గొప్ప!

అశోక్‌నగర్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్ డాబా మీద సోలార్ పలకలు పెట్టించింది ఈయనే. ఎవరి పలకలు ఎంత కరెంటు ఇస్తున్నాయో ఫ్లాట్లవారీగా చూపించే తెరను కింద లిఫ్టు పక్కన బిగించిందీ ఈయనే. తన అంకె అందరికన్నా పైనుంటే మీసం దువ్వుకునేవాడు.

ఎండలు ముదిరాక ఆ అంకె పడిపోసాగింది. పై అంతస్తు జగన్మోహన్ ఊరుకుంటాడా?

"ఏంది జోగారావు గారూ, మీ పలకలు జర పరేషాన్‌ల ఉన్నట్టున్నయ్!"

లిఫ్టు దగ్గరున్న వాళ్ళంతా నవ్వారు. వీడే తన పలకల మీద ఏదో కప్పుతున్నాడని జోగారావుకు అనుమానం పట్టుకుంది. ఎక్కి చూద్దామన్న ఆలోచన వస్తే కదా! అన్నం సయించక పళ్ళు నూరుకుంటూ తిరిగాడు.

ఆదివారం మధ్యాహ్నం అంకె సగానికి పడింది. పలకలు కడిగే ఇనుప గొట్టం పట్టుకుని మెట్లెక్కాడు. సరిగ్గా అప్పుడే జగన్మోహన్ చేతిలో కర్రతో డాబా దిగుతున్నాడు.

"దొరికావురా దొంగ వెధవా!"

"అరె, జర నా మాట ఇను..."

విననిస్తేగా! మొదటి దెబ్బ భుజం మీద, రెండోది కంటి మీద. జగన్మోహన్ మెట్ల మీద దొర్లిపోయాడు. పడ్డవాణ్ణి కూడా వదలకుండా ఇంకోటి వేశాడు, పాపిష్టివాడు! గోడంతా రక్తం.

కేకలు విని రత్నమాల పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, అన్నయ్యగారిని చంపేశారా!"

"మన పలకలు కప్పేశాడే వీడు!"

"కప్పింది నేనండీ! గుమ్మడి వడియాలు పెట్టాను. నల్లటి పలకలు కదా, ఇట్టే ఎండుతాయనుకున్నాను. ఇంకొకళ్ళవి ఎందుకని మనవాటి మీదే చీర పరిచాను."

కేకలకే దిగొచ్చిన జగన్మోహన్ భార్య కమల అతని తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. "మీ వడియాలు కాకులు తింటున్నయని తోలనీకి పోయిండు నా మనిషి. మనకెందుకయ్యా అంటే, పాపం చెల్లె కష్టపడి పెట్టుకుందన్నడు."

జోగారావు గొట్టం పారేసి, "అన్నా, నన్ను క్షమించు" అంటూ లేపబోయాడు. జగన్మోహన్ మొహానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు.

"కొట్టకు," అన్నాడు.