రాజుగారి బండికి గేర్‌బాక్సు దించాం

మొన్న మా షెడ్‌లో ఏం జరిగిందో వింటే మీరు టీ పక్కన పెట్టి మరీ నవ్వుతారు. నవ్వండి, పర్లేదు. తణుకు సగం ఇప్పటికే నవ్వేసింది!

మాది మెకానిక్ షెడ్. నాన్న పోయి ఆరేళ్లయినా బోర్డు మీద ఇంకా ఆయన పేరే ఉంది. తీయబుద్ధి కాలేదు. సోమవారం పొద్దున్నే రొయ్యల చెరువుల రాజుగారు తన ఫోర్-వీల్ డ్రైవ్ పికప్ తెచ్చారు. ఆటోమేటిక్ బండి. ఆయిల్ మార్పిద్దామని వచ్చి ఆపారు, అంతే! మళ్లీ తీద్దామంటే లివర్ పార్కింగ్‌లోంచి కదలదే!

"ఎల్లుండి పొద్దున్న మా చెరువు పట్టుబడండీ, రొయ్యలన్నీ పట్టేస్తాం. ఐసు పెట్టెలన్నీ దీంట్లోనే వెళ్లాలి. మీ నాన్నగారి మీద నమ్మకంతో ఇక్కడికొస్తాను నేను" అన్నారు.

నాన్న పేరెత్తేసరికి నాకు ఎక్కడలేని హుషారొచ్చేసింది. "గేర్‌బాక్సు దించాల్సిందేనండీ" అనేశాను. బండికి తగిలిస్తే లోపమేంటో చెప్పే స్కానర్ టేబుల్ మీదే ఉంది. దానివైపు చూస్తే ఒట్టు! నిజం చెప్పనా? గేర్‌బాక్సు దించి ఎన్నేళ్లయిందో. ఇప్పుడు పనంతా కంప్యూటర్ తగిలించడం, పార్టు మార్చడం. చిన్నప్పుడు నాన్న, దేవదానం బాబాయి జీపు కింద పడుకుని, బాక్సుని గుండెల మీదకి దించుకుంటూ "మెల్లగా... మెల్లగా" అనుకునేవాళ్లు. ఆ రోజులంటే నాకు బెంగ.

వెంటనే బాబాయికి ఫోన్ కొట్టాను. నాన్న దగ్గర ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసినాయన. ఇప్పుడు చర్చిలో గంట కొడుతూ కాలక్షేపం చేస్తున్నాడు. "ఆటోమేటిక్కా? నేనెప్పుడూ ముట్టుకోలేదురా" అంటూనే పావుగంటలో ఖాకీ చొక్కా తొడుక్కుని దిగిపోయాడు!

ఇక చూస్కోండి మా వైభోగం. చక్రాలకి ఇటుకలు పెట్టి, బ్యాటరీ వైరు తీసి, ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ విప్పాం. ఆయిల్ పైపు విప్పగానే బుస్సున నా మొహం మీదే పడింది.

"మీ నాన్నయితే పైపు విప్పేముందు నోరు మూసుకునేవాడురా" అన్నాడు బాబాయి.

మధ్యాహ్నానికి బాక్సు జాకీ మీదకి దిగింది. "మెల్లగా... మెల్లగా" అన్నాడు బాబాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయిల్ వల్ల అనుకున్నాడులెండి.

తీరా బాక్సు పక్కనుండే చిన్న పిడిని చేత్తో తిప్పితే, హాయిగా తిరిగింది. అన్ని గేర్లలోకీ! అంటే బాక్సులో ఏ లోపమూ లేదు! సరే, పైన లివర్ సంగతి చూద్దామని బ్యాటరీ మళ్లీ తగిలించి, బాబాయిని సీట్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కమన్నాను.

అప్పుడే మా ఆవిడ టీ పట్టుకుని బండి వెనకగా వచ్చింది.

"ఏవండీ, దీనికి బ్రేకు లైట్లుండవా?"

అంతే! ఆటోమేటిక్ బండిలో బ్రేకు తొక్కినట్టు దానికి తెలిస్తేనే లివర్ కదులుతుంది. తెలియజేసేది పెడల్ దగ్గరుండే బొటనవేలంత స్విచ్. లైట్లు వెలిగించేదీ అదే. అది పోయింది. పది నిమిషాల పని!

మర్నాడంతా బాక్సు ఎక్కించడమే సరిపోయింది. సాయంత్రం రాజుగారు వచ్చే టైముకి, "లోపల ఏదో పట్టేసిందని చెప్పేద్దామా?" అన్నాను మెల్లగా.

బాబాయి చేతులు తుడుచుకుంటూ, "చెప్పు. కానీ ముందు ఆ బోర్డు దించేసి చెప్పు" అన్నాడు.

సిగ్గేసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. రాజుగారు ఒక్క క్షణం నా మొహం చూసి, బండికి ఆనుకుని పడీపడీ నవ్వారు. చెరువు పట్టుబడికి బండి వేళకి అందింది కాబట్టి బతికిపోయాను.

కానీ పట్టుబడి దగ్గర పదిమందుంటారు కదా! ఆ మర్నాడే ఎవరో పెద్దాయన కారు షెడ్ ముందు ఆపి, దిగకుండానే అద్దం దించి ఎంతో మర్యాదగా అడిగారు:

"ఏవండీ, మా కారుకి హారన్ మోగట్లేదు. ఇంజన్ దించకుండా చూస్తారా?"