బాపుకు వినిపించిన సైరన్

డిగ్రీ మీదే నమ్మకం పోయినవాణ్ని, దయ్యాల మీద ఎక్కడ పెట్టుకుంటాను? పైగా ఫిజిక్స్ చదివాను. చప్పుడంటే గాలిలో కదలిక అని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా ఇది జరిగింది.

తెలంగాణ రాకముందు, గోదావరిఖనిలో. మా బాపు గని కార్మికుడు. మెడికల్ బోర్డు ఆయన్ని పనికి అన్‌ఫిట్ అంటే ఆ ఉద్యోగం నాకొస్తుంది. నాకు వయసు దాటిపోవడానికి కొన్ని నెలలే మిగిలాయి. బాపు ఒళ్లేమో గట్టిది. బ్లాస్టింగ్ చప్పుళ్లకు చెవులు కాస్త మందగించాయి, అంతే. ఆ కాస్తను పూర్తి చెయ్యాలని ఇంట్లో తీర్మానించుకున్నాం.

మూడు నెలలు సాధన చేశాడు. అవ్వ, అంటే మా అమ్మ, వెనకనుంచి పళ్లెం పడేస్తుంది, బాపు తల తిప్పకూడదు. మొదట్లో తిప్పేవాడు, అవ్వ తిట్టేది. పోనుపోను ఆ తిట్లు కూడా వినబడనట్టే కూర్చునేవాడు. ఆ మేరకు ఆయనకు లాభమే.

బోర్డులో డాక్టరు వెనకనుంచి స్టీలు ట్రే పడేశాడట. బాపు రెప్ప కొట్టలేదు. అన్‌ఫిట్ అని రాశారు.

ఇంటికొచ్చాక అవ్వ పిలిస్తే పలకలేదు.

"బోర్డు అయిపాయె గదయ్యా! ఇగ నా ముందట గూడ ఏం యాక్టింగు?"

బాపు ఆమె పెదవుల వైపు చూశాడు. "నాకేం ఇనబడ్తలేదే" అన్నాడు. ఆ చూపుకు మా నవ్వు ఆగిపోయింది. తర్వాత వేరే డాక్టరుకు చూపిస్తే, చెవుల్లో అంత లోపమేమీ కనిపించడం లేదన్నాడు. ఆ మాట బయట చెప్పుకునే దారి కూడా లేదు మాకు.

నేను డ్యూటీలో చేరిన మూడో వారం. పొద్దున సైకిలు తీస్తుంటే బాపు హ్యాండిల్ పట్టుకున్నాడు.

"పోకు కొడుకా. సైరన్ ఆగుతలేదు."

షిఫ్టుకు సైరన్ కాసేపే కూస్తుంది. ఆగకుండా కూస్తే గనిలో ప్రమాదమని అర్థం. అప్పుడు వీధిలో నల్లా దగ్గర బిందెల గొడవ తప్ప ఏ చప్పుడూ లేదు. ఏం లేదని చేత్తో సైగ చేశాను.

"నీకేమన్న చెవుడా ఏందిరా?" అని కసిరి, సైకిలుకు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు.

షిఫ్టు తప్పింది. కొత్త ఉద్యోగంలో నాగాకు కారణం ఏం చెప్పాలా అని అరుగు మీద కూర్చున్నాను. చెవిటి తండ్రికి సైరన్ వినిపించిందని చెప్పలేను కదా.

తొమ్మిదిన్నరకు సైరన్ మోగింది. ఆగలేదు. క్వార్టర్లన్నీ రోడ్డు మీదికి ఉరికాయి. అవ్వ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. చిక్కుడుకాయలు ఈనె తీస్తున్న బాపు ఒక్కడే తలెత్తి మమ్మల్ని వింతగా చూశాడు.

"పొద్దుగాలనే ఆగిపాయె గద. ఇప్పుడెందుకు ఉరుకుతున్నరు?"

నేను పనిచెయ్యాల్సిన చోటే కప్పు కూలింది. నా బదులు దిగిన మల్లేశన్నకు ఒక కాలు తీసేశారు.

దవాఖానకు వెళ్తే ఆయన కోపం చెయ్యలేదు. "ఆ రోజు ఎందుకు రాలేదు తమ్మీ?" అని మాత్రం అడిగాడు.

"బాపుకు పాణం బాగలేకుండె అన్నా."

అది అబద్ధమేం కాదు. నిజమేమిటో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.