ఎవరూ వెతకని దాగుడుమూతలు

నా కూతురికి ఐదేళ్ళు నిండిన ఏడాది నేను ఫిల్మ్ నగర్‌లో పిల్లల కథల సీడీలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. హైటెక్ సిటీ వైపు నెలకో అద్దాల మేడ లేస్తున్న కాలం అది. కొత్తగా కంప్యూటర్ కొన్న ప్రతి ఇంట్లోనూ పిల్లల కోసం ఏదో ఒక సీడీ కావాలి. మా ఓనరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి వచ్చిన కుర్రాడు. ఒక డబ్బింగ్ థియేటర్ వెనక సందులో మూడు గదులు కిరాయికి తీసుకున్నాడు. బొమ్మలు వేసేవాళ్ళు ఇద్దరు, వాటిని కంప్యూటర్ మీద కదిలించేవాళ్ళు ఇద్దరు, కథలు రాయడానికి నేను.

అంతకుముందు వారపత్రికల పిల్లల పేజీలకు రాసేదాన్ని. నా కథల్లో పెద్దవాళ్ళు పిల్లలతో ఆడతారు, ఆడి ఓడిపోతారు. తాత గుర్రమవుతాడు. కూతురు టీచరై అమ్మ చేత గుంజీలు తీయిస్తుంది. పరుగు పందెంలో నాన్న కావాలనే చెప్పు జారవిడుచుకుంటాడు. నీతికథలు నాకు చేతకావు. పిల్లవాడి ముందు పెద్దవాడు కాసేపు చిన్నవాడైతే చాలు, వేరే నీతి ఎందుకని సంపాదకులతో వాదించేదాన్ని. ఆ వాదన మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఇంటి సంగతి వేరు. మాది షేక్‌పేట పాత ఊళ్ళో రెండు గదుల ఇల్లు. మా ఆయన పొద్దున ఏడింటికి వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే. ఇంట్లో పెద్దవాళ్ళు లేరు. పాపకు ఒంటిపూట బడి. బడి వ్యాను మధ్యాహ్నం దాన్ని జూబ్లీ హిల్స్‌లోని ఒక క్రెష్ దగ్గర దింపేది. ఆరింటికి నేను ఆటోలో వెళ్ళి తెచ్చుకునేదాన్ని. అదొక పెద్ద బంగళా కింది అంతస్తు. గోడల నిండా కుందేళ్ళు, బుడగల బొమ్మలు. నడిపే మేడమ్ మధ్యాహ్నం ఇంటికెళ్ళి నాలుగింటికి తిరిగొచ్చేది. పిల్లలను చూసుకునేది ఒక్క ఆయమ్మ, నలభై దాటిన మనిషి. నేను వెళ్ళేసరికి పాప బూట్లు వేసుకుని బుద్ధిగా కూర్చుని ఉండేది. ఏడుపు లేదు, పేచీ లేదు. "మీ పాప చాలా బాగా సెట్ అయిపోయిందండీ" అని మేడమ్ అంటే, అదృష్టవంతురాలిని అనుకున్నాను.

ఆ రోజుల్లోనే దాగుడుమూతల మీద ఒక కథ రాశాను. మనవరాలు తెర వెనక దాక్కుంటుంది. తెర కింద దాని పాదాలు కనబడుతూనే ఉంటాయి. తాత మాత్రం చక్కెర డబ్బాలో, గొడుగులో, ఆవకాయ జాడీలో వెతుకుతాడు. తాత గొంతు ఇవ్వడానికి ఒక పెద్దాయన వచ్చాడు. గోదావరి జిల్లా మనిషి, సినిమాల్లో ఎందరో తాతలకు డబ్బింగ్ చెప్పినవాడు. రికార్డింగ్‌కు ముందు పిల్లల దగ్గర ఒకసారి చూసుకుందామని ఓనరు అన్నాడు. "యూజర్లు వాళ్ళే కదా మేడమ్." శనివారం నాడు మా ఆఫీసు వాళ్ళ పిల్లలు ఆరుగురు వచ్చారు. అందులో మా పాప ఒకతి.

ఒక పేజీ చదివాక పెద్దాయన కాగితాలు పక్కన పెట్టేశాడు. "చదివితే ఏముందండీ, ఆడదాం" అని లేచి, గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. పిల్లలు తలోదిక్కుకూ పరుగెత్తారు.

"ఎక్కడికి పోయారబ్బా వీళ్ళంతా?" అంటూ ఆయన మంచినీళ్ళ సీసా మూత తీసి లోపలికి చూశాడు. బల్ల కింద నుంచి కిసుక్కుమని నవ్వు. తన చొక్కా జేబులో చూసుకున్నాడు. తలుపు వెనక ఇంకో నవ్వు. రెండు నిమిషాల్లో ఐదుగురూ వాళ్ళంతట వాళ్ళే బయటికి ఉరికొచ్చి ఆయన పంచె పట్టుకుని వేలాడారు.

మా పాప రాలేదు. రికార్డింగ్ గదిలో చప్పుడు ఆపడానికి వేలాడదీసిన మందపాటి తెర వెనక ఉందని అందరికీ తెలుసు. ఆయన నా హ్యాండ్‌బ్యాగులో వెతికాడు, ఓనరు బూటు విప్పించి అందులో వెతికాడు. మిగతా పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. తెర మాత్రం కదల్లేదు. చివరికి ఆయనే వెళ్ళి తెర ఎత్తాడు.

మోకాళ్ళు గుండెకు ఆనించి, రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని కూర్చుని ఉంది.

"దొరికిపోయిందోచ్!" అన్నాడాయన.

అది నవ్వలేదు. చేయి కొంచెం తీసి గుసగుసగా అంది: "తాతా, తెర వెయ్యి. మాట్లాడితే నా చాక్లెట్ పోతది."

"దొరికావు కదమ్మా. ఆట అయిపోయింది."

"కాలే. గేటు బెల్లు మోగాలె."

నేను వెళ్ళి దాని పక్కన కింద కూర్చున్నాను. "ఎవరు చెప్పిండ్రు బిడ్డా నీకు?"

"ఆయమ్మ. అన్నం తిన్నంక రోజూ ఆడతం. అందరం దాక్కోవాలె. చప్పుడు చేసినోళ్ళు అవుట్. మేడమ్ వచ్చి బెల్లు కొడితే అప్పుడు చాక్లెట్."

"మరి వెతికేది ఎవరు?"

ఇంత తెలియదా అన్నట్టు నా ముఖంలోకి చూసింది. "పెద్దోళ్ళు వెతకరమ్మా. గదంత నీ కథలల్లనే."

పెద్దాయన తెర పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఆదివారం మా ఆయనతో చెబితే, "ఆట అంటున్నది కద. కొట్టినా తిట్టినా చెప్పకపోవునా?" అన్నాడు. ఆ మాట నమ్మాలని నాకూ ఉంది. సోమవారం ఆఫీసులో ఒక గంట పర్మిషన్ అడిగి, రెండున్నరకు క్రెష్‌కు వెళ్ళాను. గేటు తీసే ఉంది. గుమ్మం దగ్గర పదకొండు జతల చిన్న బూట్లు, చెప్పులు వరసగా ఉన్నాయి.

హాల్లో ఆయమ్మ చాప మీద కూర్చుని పాలకూర తుంచుతోంది. ఎదురుగా టీవీలో సీరియల్, వినీవినబడనంత చిన్న గొంతుతో. పిల్లలు ఒక్కరూ లేరు.

"పిల్లలేరీ?" అన్నాను.

ఆమె ఉలిక్కిపడి లేచి, పెదాల మీద వేలు పెట్టి, పై అంతస్తు వైపు చూపించింది. "ఆడుకుంటున్నరమ్మా. మెల్లగ."

"ఎక్కడ?"

"గీడనే."

పదకొండు మంది పిల్లలున్న ఇంట్లో నాకు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు స్పష్టంగా వినబడింది. అప్పుడు చూశాను. మంచం కింద నుంచి గులాబీ రంగు గౌను అంచు. తలుపు వెనక ఐదు చిన్న వేళ్ళు. పాపను పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. "ఆట అయిపోయింది, అందరూ బయటికి రండి" అన్నాను. ఒక్కరూ కదల్లేదు.

"రారమ్మా," అంది ఆయమ్మ నెమ్మదిగా. "గట్ల పిలుస్తే వచ్చినోళ్ళు అవుట్. మొదట్ల నేను పిలిచి పిలిచి చూసేదాన్ని."

ఇక ఒక్కొక్కరినే వెతికి తీయాల్సి వచ్చింది. మంచం కింద ముగ్గురు. తలుపు వెనక ఒకరు. బాత్‌రూమ్‌లో బకెట్ల మధ్య ఇద్దరు. ఫ్రిజ్ వెనక ఇరుకులో ఒకడు, భుజం గీరుకుపోయి. టేబుల్ కింద దుప్పటి కప్పుకుని ఇద్దరు. బట్టల బీరువా తెరిస్తే కింది అరలో మూడేళ్ళ బాబు నిద్రపోతున్నాడు. తలుపు వేసే ఉంది. ఒళ్ళంతా చెమట, నిక్కరు తడిసిపోయి ఉంది. నా చెయ్యి తగలగానే కళ్ళు తెరిచి, నేనెవరో కూడా తెలియకుండానే, మొట్టమొదట తన పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

మా పాప మాత్రం దొరకలేదు. రెండుసార్లు ఇల్లంతా తిరిగాను. మూడోసారి ఆయమ్మే, తనకూ భయం పట్టుకున్నట్టుంది, మూలన పేర్చిన పరుపులు లాగింది. వాటికీ గోడకూ మధ్య ఉంది. నన్ను చూసి సంతోషపడలేదు. "ఎందుకొచ్చినవమ్మా? ఇంక బెల్లు మోగలే" అంది.

నేను ఆయమ్మ మీద అరిచాను. ఏమన్నానో పూర్తిగా గుర్తులేదు. ఆమె కొంగు చేతికి చుట్టుకుంటూ నిలబడి, చివరికి అంది: "నేను కొట్టలేదమ్మా. ఒక్కనాడు తిట్టలేదు. జర ఆడిపిచ్చిన, అంతే."

"ఇది ఆటనా?"

"పైన ఉండే ఇంటి ముసలాయనకు చప్పుడైతే పడదు. ఏడుపు ఇనబడితే మేడమ్ నన్ను పని మాన్పిస్తనన్నది. పదకొండు మంది. నేనొక్కదాన్ని. పిల్లల మీద చెయ్యెత్తనీకె నాకు మనసు రాదు." ఆగి, ఇంకో మాట అంది. "ఆటంటే పిల్లలు చెప్పినట్టు ఇంటరు."

పిల్లలకు ఏదైనా చెప్పాలంటే ఆటగా చెప్పాలని నేను ఎన్ని వ్యాసాల్లో రాశానో.

ఆటోలో పాప చాలాసేపు బయటికి చూస్తూ కూర్చుంది. షేక్‌పేట మలుపు దగ్గర అడిగింది: "అమ్మా, ఆయమ్మ మీద కోపమెందుకు చేసినవ్?"

"దాక్కొమ్మని చెప్పి వెతకకపోతే తప్పు కద బిడ్డా."

"నువ్వు గూడ గట్లనే ఆడతవు కద."

"నేనా?"

"కథ రాసేటప్పుడు దాక్కో పో, వస్తున్న అంటవు. నేను మంచం కింద ఉంట. నువ్వు రాసుకుంట ఉంటవు."

ఫిర్యాదులా అనలేదు. తెలిసిన విషయం గుర్తుచేసినట్టు అంది. నిజమే. ఒక పేజీ పూర్తయ్యేదాకా, ఒక్కోసారి రెండు పేజీలు. మరీ ఆలస్యమైందని లేచి చూస్తే మంచం కిందే నిద్రపోయి ఉండేది. ఆ తాత చక్కెర డబ్బాలో వెతికే పేజీ కూడా నేను అలాగే రాశాను. ఆటోవాడు ఇల్లెక్కడని రెండుసార్లు అడిగాడు. పాపే చెయ్యి చాపి దారి చూపించింది.

మర్నాడు సాయంత్రం ఆరింటికి క్రెష్ గేటు దగ్గర నిలబడి, వచ్చిన తల్లిదండ్రులందరికీ జరిగింది చెప్పాను. మెడలో ఆఫీసు కార్డు వేలాడుతున్న ఒక తండ్రి అంతా విని, "అంటే కొట్టలేదు కదండీ?" అని అడిగాడు. ఇంకొకామె, "మా వాడు ఇంట్లో కూడా అంత కుదురుగా ఉంటే బాగుండు" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగింది. బీరువాలో నిద్రపోయిన బాబు తల్లి మాత్రం మెట్టు మీద కూలబడి, వాడి చొక్కా గుండీలు విప్పి ఒళ్ళంతా తడిమి చూసుకుంది. మేడమ్ ఆ సాయంత్రమే ఆయమ్మను పంపించేసి, వారం తిరక్కుండా ఇంకో మనిషిని పెట్టుకుంది. పిల్లలను మాన్పించినవాళ్ళం ఇద్దరమే, నేనూ ఆ బాబు తల్లీ. మిగతావాళ్ళను తప్పుపట్టలేను. ఎక్కడ వదిలిపెట్టి ఆఫీసుకు పోతారు?

నేను ఓనరుతో మాట్లాడి మధ్యాహ్నం దాకా ఆఫీసు, తర్వాత ఇంటి నుంచి పని అని ఒప్పించుకున్నాను. దాగుడుమూతల కథ సీడీలోంచి తీసేయమన్నాను. పెద్దాయన ఒప్పుకోలేదు. "తీసేస్తే ఎలాగండీ? వెతికేవాళ్ళు కూడా ఉంటారని పిల్లలకి ఇంకెవరు చెప్తారు?" అన్నాడు. ఆయన మాటే నెగ్గింది. కానీ ఆ కథ వినడానికి నాకు చాలా రోజులు ధైర్యం చాలలేదు.

ఇంట్లో రోజూ మధ్యాహ్నం పాపతో ఆడేదాన్ని. అది దాక్కునేది, నేను బియ్యం డబ్బాలో, కూరగాయల బుట్టలో వెతికేదాన్ని. చిన్న చప్పుడైనా చేసేది కాదు. దొరికితే లేచి మామూలుగా నడిచి వచ్చేసేది. నవ్వు వస్తుందేమోనని ఎదురుచూసి చూసి నేనే అలసిపోయేదాన్ని.

కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున కూరగాయలకని ఇద్దరం ఎర్రగడ్డ మార్కెట్‌కు వెళ్ళాం. ఉల్లిగడ్డల దుకాణం ముందు ఆయమ్మ ఎదురైంది. బాగా చిక్కిపోయింది. పాప చప్పున నా వెనక్కి వెళ్ళి కుచ్చిళ్ళు పట్టుకుంది.

"పాప మంచిగున్నదా అమ్మా?" అంది ఆయమ్మ. వెనక నుంచి గౌను కనబడుతూనే ఉంది. ఆమె ఒక్క క్షణం ఆ గౌను వైపు చూసింది. తర్వాత చేతిలో సంచి కింద పెట్టి, "ఏది, పాప ఏడ పోయింది?" అంది. ఉల్లిగడ్డల గోనె అంచు ఎత్తి చూసింది. తక్కెడ పళ్ళెం కింద చూసింది. దుకాణంవాడు విసుక్కున్నా వినిపించుకోకుండా, నేలకు వంగి బండి చక్రాల మధ్య చూసింది. ఆపమని అనబోయాను. అనలేకపోయాను.

పాప నవ్వలేదు. చాలాసేపు చూసి, తనే నా వెనక నుంచి బయటికొచ్చి ఆమె ముందు నిలబడింది.

"దొరికిన," అంది.

ఆయమ్మ దాని తల మీద చెయ్యి పెట్టబోయి, నా వైపు చూసి, ఆగిపోయింది. నేను తలూపాను. ఆమె పెట్టింది. నాకు కోపం రాలేదు, క్షమించానని కూడా అనిపించలేదు. పాప నా చెయ్యి లాగి, టమాటలు తీసుకుందాం పద అంది.