వార్డెనమ్మ గోడ దూకింది

గూడూరులో మా వీధిలో పుష్పకుమారిని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. చిన్నా పెద్దా అందరికీ ఆమె వార్డెనమ్మే. ఆడపిల్లల హాస్టల్లో పెళ్ళికి ముందు చేరి, జుట్టు నెరిసేదాకా పనిచేసింది. రిటైరయినా ఆ పేరు మాత్రం రిటైరు కాలేదు.

ఆమె హయాంలో హాస్టల్ గోడ దూకి సినిమాకు పోవాలని చూసిన పిల్లలు చాలామందే. ఆమె గేటు దగ్గర కాపలా కాసేది కాదు. గోడకు అవతల కుర్చీ వేసుకొని, ఒళ్ళో చిక్కుడుకాయలు పెట్టుకొని ఈనెలు తీస్తా కూర్చొనేది. దూకిన పిల్ల నేరుగా ఆమె ముందరే దిగేది. "కాళ్ళు నొప్పి పుట్టినాయా తల్లీ" అని అడిగి లోపలికి తీసుకుపోయేది. అబద్ధం చెప్పేవాళ్ళు యాడ దొరికిపోతారో కూడా ఆమెకు బాగా తెలుసు. నిజంగా కడుపునొప్పి వచ్చిన పిల్ల కడుపునొప్పి అంటుంది, అంతటితో ఆపుతుంది. సినిమాకు పోవాలనుకున్న పిల్ల ఆ నొప్పి ఎడమపక్క మొదలై కుడిపక్కకు ఎట్లా తిరిగిందో, పోయినేడు వాళ్ళ పిన్నమ్మకు కూడా అట్లానే వచ్చి ఏ డాక్టరు దగ్గరికి పోయిందో మొత్తం చెప్తుంది.

ఆమె భర్త హెబ్రోను గూడ్సు రైళ్ళల్లో గార్డుగా చేసి రిటైరై దిగినాడు. దిగిన ఏడాదే ఒక తెల్లకారు కొన్నాడు. కొన్నాడనేగానీ దానికి ముసుగు కుట్టించి ఇంటి ముందర పెట్టినాడు. ఆదివారం ఒక్కరోజు ముసుగు తీసి, భార్యను పక్కన కూర్చోబెట్టుకొని చర్చికి తీసుకుపోయేవాడు. మా వీధిలోంచి నడిచిపోయేవాళ్ళు ఆయన కంటే ముందు చేరి మొదటి పాట పాడేసేవాళ్ళు.

వెంకటగిరికి పోదామని పుష్పకుమారి అడిగితే ఎండలు తగ్గనీ అనేవాడు. ఎండలు తగ్గితే వానలు. సముద్రం దగ్గరికి పోదామంటే ఉప్పుగాలికి కారు తుప్పు పడతాదని చెప్పినాడు. కొండల వైపు పోదామంటే రోడ్డు బాగలేదంట అన్నాడు. ఎవరు చెప్పినారని అడిగితే అందరూ అనుకుంటున్నారని అన్నాడు. జీతానికున్నన్నాళ్ళూ గేటు లోపలే ఉండిపోయిన మనిషి, ఇప్పుడు ఇంటి గుమ్మంలో నిలబడి ముసుగు కప్పిన కారును చూసి చూసి, ఇంక అడగడం మానేసింది.

అడగడం మానేసిందంటే మనసులో వేరే ఆలోచన పుట్టిందని హాస్టల్ పిల్లల్ని సాకిన మనిషెవరైనా కనిపెట్టి ఉండేవాళ్ళు. హెబ్రోను కనిపెట్టలేదు.

చర్చిలో పాటలు పాడే ఫ్రెడ్డీకి ఊళ్ళో డ్రైవింగ్ స్కూలుంది. నడివయసు మనిషి, గొంతు పెద్దది, గుండె చిన్నది. పుష్పకుమారి ఆయన దగ్గర చేరి, ఎవరికీ చెప్పకూడదని మాట తీసుకునింది. ఇంట్లో మాత్రం ఫ్రెడ్డీ వాళ్ళతో ప్రార్థన ఉందని చెప్పి బయల్దేరేది. ఇందులో అబద్ధం పెద్దగా లేదు. ఆమె స్టీరింగు పట్టుకున్నంతసేపూ ఫ్రెడ్డీ ప్రార్థన చేస్తానే ఉన్నాడు. లారీ ఎదురొచ్చినప్పుడు కొంచెం గట్టిగా చేసినాడు.

లైసెన్సు చేతికొచ్చింది. కారు ఇంటి ముందరే ఉంది. ఇంక కావాల్సింది హెబ్రోను ఇంట్లో లేని రోజొకటి. అదీ ఆయనే ఇచ్చినాడు. నెల్లూరులో రైల్వే పెన్షనర్ల మీటింగులు మొదలైనాయని చెప్పి ప్రతి గురువారం పొద్దున రైలెక్కి, చీకటి పడే వేళకు వచ్చేవాడు. రెండు గురువారాలు చూసి, మూడో గురువారం ఆమె కారు ముసుగు తీసింది.

తోడుగా మా ఎదురింటి మాలకొండమ్మను పిలిచింది. మాలకొండమ్మ వాళ్ళది దొరవారిసత్రం దగ్గర వరి పండించే కుటుంబం. కొడుకు ప్రవీణ్ గూడూరులో నిమ్మకాయల వ్యాపారం పెట్టినందువల్ల ఇక్కడికొచ్చి ఉండాది. కారెక్కమంటే ఎవరు నడిపేదని అడిగింది. నేనే అని చెప్తే కాసేపు ఆలోచించి, ఇంట్లోకి పోయి మంచి చీర కట్టుకొని వచ్చింది.

మొదటిరోజు దొరవారిసత్రం వైపే పోయినారు. దారి చెప్పే పని మాలకొండమ్మది. ఆమెకు ఊళ్ళ పేర్లు, రోడ్డు పక్కన బోర్డులు పట్టవు. వాళ్ళ ఇళ్ళల్లో చూసి వదులుకున్న పెళ్ళి సంబంధాలే గుర్తులు. మా పెద్ద మరిదికి పిల్లను చూసి జాతకం కుదర్లేదన్న ఊరు వస్తాది, అక్కడ ఎడమకు తిప్పు అనేది. ఆ పిల్ల చక్కగా ఉన్నింది పాపం, అని ఆ పిల్ల కథ చెప్తా చెప్తా తర్వాతి మలుపు దాటించేది. అయినా చేరాల్సిన చోటికి చేరినారు. నేలపట్టు పక్షుల కేంద్రంలో చెట్ల నిండా కొంగలు, గూడబాతులు. ఎక్కడెక్కడి నుంచో కెమెరాలు పట్టుకొని వచ్చినోళ్ళు ఊపిరి బిగబట్టి చూస్తా ఉంటే, మాలకొండమ్మ మాత్రం మా చేలో దిగితే డబ్బా కొట్టి తరిమేవాళ్ళం, ఇక్కడ టిక్కెట్టు కొని చూస్తున్నాం అని నవ్వింది.

ఆ తర్వాత ఒక గురువారం వెంకటగిరి. ఇంకొక గురువారం పొదలకూరు వైపు నిమ్మతోటలు, ఆ పైన రాపూరు. ఎక్కడ బాగుంటే అక్కడ ఆపి, తెచ్చుకున్న పులిహోర తిని, ఎదురొచ్చినోళ్ళతో మాట్లాడి వచ్చేవాళ్ళు. ఇంటికి రాగానే ఇద్దరూ కలిసి కారు కడిగి, ముసుగు ఆయన కప్పినట్టే కప్పేవాళ్ళు. పెట్రోలు వాళ్ళే పోయించుకునేవాళ్ళు. ఈరోజంతా ఏం చేసినావని హెబ్రోను అడిగితే, "కొండమ్మతో ఉన్నా" అనేది పుష్పకుమారి. అంతకు మించి ఒక్క మాట చెప్పేది కాదు.

సముద్రం దగ్గరే పప్పులో కాలేసింది. వాకాడు మీదుగా తూపిలిపాళెం పోయినారు. నీళ్ళు కనపడేసరికి సంబరమెక్కువై, ఇంకొంచెం, ఇంకొంచెం అని ముందుకు పోనిచ్చింది. ముందు చక్రాలు ఇసకలో దిగబడినాయి. బయటికి తీయాలని చూసేకొద్దీ ఇంకా లోపలికి పోయినాయి. మాలకొండమ్మ దిగి, చెప్పులు చేతపట్టుకొని, ఈ ఊళ్ళో మనకు సంబంధాలు కూడా చూళ్ళేదే అని దిగాలుగా నిలబడింది.

పడవలు లాగే ట్రాక్టరొకటి అటుగా వచ్చింది. డ్రైవరు పక్కన ఒక ఆడమనిషి కూర్చొని ఉంది. కారును చూసింది, పుష్పకుమారిని చూసింది, మళ్ళా చూసి కిందికి దూకింది. ఆమె జయశీల. హాస్టల్లో ఉన్నప్పుడు గోడ దూకి ఎక్కువసార్లు దొరికిపోయిన పిల్ల. ఇప్పుడు భర్తతో కలిసి రెండు పడవలు నడుపుతుంది.

జయశీల నడుం మీద చెయ్యేసుకొని నిలబడి, "మేడమ్, పర్మిషన్ తీసుకొనే వచ్చినారా?" అని అడిగింది.

పుష్పకుమారి కొంగుతో మొహం తుడుచుకునింది. ఆ మొహం చూసి జయశీలకు సంగతంతా అర్థమైంది. ఇసకలో కూలబడి కళ్ళెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత లేచి టైర్లలో గాలి కొంచెం తీయించి, మోకు కట్టించి, ట్రాక్టరుతో కారును గట్టి నేల మీదికి లాగించింది. ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టింది. ఎవరికీ చెప్పనని ఒట్టేసి, జువ్వలదిన్నె హార్బరు కూడా చూసి రమ్మనింది. వాళ్ళక్క ఏంజెలిన్ అక్కడ చిన్న హోటలు పెట్టుకొని ఉందనీ, చేపల పులుసు ఆమె చేతిది తినాల్సిందేననీ చెప్పింది.

అదే తర్వాతి గురువారం ప్రయాణమైంది. నెల్లూరు దాటి పోవడం అదే మొదలు. పెద్ద రోడ్డు మీద బస్సులు రయ్యిమని పక్కనుంచి పోతుంటే మాలకొండమ్మ కళ్ళు మూసుకొని దారి చెప్పింది. బిట్రగుంట దగ్గర తిరిగి, బోగోలు మీదుగా జువ్వలదిన్నె చేరేసరికి బాగా ఎండెక్కింది. హార్బరులో వరసగా పడవలు, గట్టు మీద చేపల వేలం, కాకుల గోల. ఏంజెలిన్ హోటలు ఎక్కడని అడిగితే ఒకరు చెయ్యెత్తి రేకుల షెడ్డు చూపించినారు.

లోపలికి అడుగుపెట్టగానే పుష్పకుమారి ఆగిపోయింది. అటు తిరిగి ఒక మనిషి కూర్చొని తింటున్నాడు. ఆ బట్టతల, ఆ చొక్కా ఆమెకు తెలుసు. చొక్కా పొద్దున ఆమే ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఆయన ముందర పళ్ళెంలో వేడివేడి అన్నం, పక్కన ఉప్పుచేప వేపుడు కుప్పగా ఉంది. హెబ్రోనుకు బీపీ. డాక్టరు ఉప్పు తగ్గించమన్నప్పటినుంచి ఇంట్లో ఉప్పుచేప మాటే లేదు. కూరల్లో కూడా పుష్పకుమారి ఉప్పు ఉందో లేదో తెలియనంత వేస్తుంది.

ఆమె అరవలేదు. చప్పుడు కాకుండా ఒక కుర్చీ తీసుకుపోయి ఆయన ఎదురుగా వేసుకొని కూర్చునింది. హెబ్రోను తలెత్తినాడు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

పుష్పకుమారి నెమ్మదిగా, "మీటింగు ఎట్లా జరిగింది?" అని అడిగింది.

హెబ్రోను మొదలుపెట్టినాడు. మీటింగు నెల్లూరులోనే పెట్టినారంట. అయితే ప్రెసిడెంటుకు షుగరు పెరిగి కళ్ళు తిరిగినాయంట. ఆయన బావమరిది బిట్రగుంటలో లోకోషెడ్డు వెనక ఉంటాడంట, నీలం గేటు ఇల్లంట. ఆయనకు కబురు చెప్పేదానికి ఫోను తగలక, ఈయన్ని పొమ్మన్నారంట. పుష్పకుమారి ఒక్క మాట అడ్డం చెప్పకుండా మొత్తం విన్నింది.

"ఆ బావమరిది పేరేంది?" అనింది.

హెబ్రోను పళ్ళెంలోకి చూసినాడు. ఇంతలో ఏంజెలిన్ గిన్నె పట్టుకొచ్చి, ఈ తాత ప్రతి గురువారం వస్తాడనీ, రైల్లో దిగి ఆటోలో వస్తాడనీ, ఉప్పుచేప లేకపోతే అలుగుతాడనీ, ఎవరూ అడగకుండానే చెప్పి, ఇంకొంచెం వేపుడు వడ్డించి పోయింది. గుమ్మంలో నిలబడిన మాలకొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది.

అప్పటికి హెబ్రోనుకు ఇంకొక సంగతి తట్టింది. "నువ్వెట్లొచ్చినావు?" అన్నాడు.

"కార్లో."

"ఎవరి కార్లో?"

పుష్పకుమారి తాళంచెవి తీసి పళ్ళెం పక్కన పెట్టింది. ఆయన దాన్ని చూసి, బయటికి చూసి, షెడ్డు ముందర ఎండలో నిలబడిన తన కారును గుర్తుపట్టినాడు. డ్రైవరెవరని అడగబోయి, ఆమె మొహం చూసి అడగలేదు. చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసి, "నాతో ఒక మాట చెప్పి ఉండొచ్చు గదా" అన్నాడు.

"చెప్పినా. నీకు వినపడేదాకా చెప్పినా. ఆ తర్వాత చెప్పలేదు."

ఆమెకు ఇంక గొడవపడే ఓపిక లేదు. ఆకలిగా ఉంది. పళ్ళెం తెప్పించుకొని, ఆయన పళ్ళెంలోంచి ఉప్పుచేప ముక్కొకటి తీసుకొని నోట్లో వేసుకునింది. చాలా బాగుంది. ఆ మాట మాత్రం ఆయనకు చెప్పలేదు.

పోయేటప్పుడు సీటు దగ్గర తగువొచ్చింది. ముందు సీటు నాది అని మాలకొండమ్మ ఖరాఖండిగా చెప్పింది. తను లేకపోతే దారెవరు చెప్తారని అడిగింది. హెబ్రోను వెనక కూర్చున్నాడు. పెద్ద రోడ్డెక్కేదాకా ముందు సీటు వెనకభాగం గట్టిగా పట్టుకొని ఉన్నాడు. నెల్లూరు దగ్గరికొస్తుంటే వేళ్ళు వదులైనాయి. అప్పుడు చెప్పినాడు. ఉద్యోగమంతా రైలు చివర బ్రేకువ్యానులో కూర్చున్నవాణ్ణి, దాటిపోయిన ఊళ్ళు కనపడేవిగానీ వచ్చే ఊరు ఎన్నడూ కనపడలేదు, స్టీరింగు పట్టుకుంటే రోడ్డంతా మీదికి వచ్చినట్టుంటాది, ఆ సంగతి నీతో చెప్పడానికి సిగ్గేసింది అన్నాడు.

పుష్పకుమారి ముందర పోతున్న లారీని జాగ్రత్తగా దాటింది. తర్వాత అద్దంలో ఆయన్ను చూసి, "అయితే వెనకే ఉండు. బాగుంది గదా అక్కడ" అనింది. బాగుందని ఆయన ఒప్పుకున్నాడు.

ఇప్పుడు గురువారాలు ముగ్గురూ పోతున్నారు. ఉప్పుచేప నెలకొకసారి తినొచ్చని పుష్పకుమారి పర్మిషనిచ్చింది, అదీ ఏంజెలిన్ దగ్గరే, అదీ ఒక్క ముక్కే. రెండో ముక్క ఆయన ఎట్లా సంపాదిస్తున్నాడో మాలకొండమ్మకు తెలుసు, చెప్పదు.

పోయిన నెల ఉదయగిరి పోయినారు. కొండెక్కడం నావల్ల కాదని హెబ్రోను కిందనే టీకొట్టు దగ్గర ఆగిపోయినాడు. ఆడవాళ్ళిద్దరూ ఆగి ఆగి సగం కొండెక్కి, పడిపోయిన కోటగోడలు చూసి, కాళ్ళు పీకుతుంటే దిగొచ్చినారు. టీకొట్టు దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో హెబ్రోను నిలబడి, తన భార్య తూపిలిపాళెంలో కారును సముద్రంలోకి దించి, అల వచ్చి కప్పేసినా అదరకుండా, ట్రాక్టరూ లేకుండా ఒక్కతే ఒడ్డుకు ఎట్లా తెచ్చిందో చేతులు తిప్పుతా చెప్తున్నాడు. ఆ రోజు ఆయన అక్కడ లేనే లేడు.

మాలకొండమ్మ ముందుకు పోయి నిజం చెప్పబోయింది. పుష్పకుమారి ఆమె చెయ్యి పట్టుకొని ఆపి, జనం వెనక బల్ల మీద చోటు చూసుకొని కూర్చునింది. రెండు టీలు చెప్పి, మిగతా కథ వినడం మొదలుపెట్టింది.