ఆనె కాదు

ముందు కోపం పుట్టి, ఆ తరవాత అంకారావు పుట్టాడని పెనుగొలనులో అంటారు. మొరాయించిన మోటారును గునపంతో బాదాడు. పొడవబోయిన ఎద్దుకు కొమ్ము విరగ్గొట్టాడు. అరవయ్యో ఏట కుడి అరికాల్లో ఆనె లేస్తే దాన్నీ పగవాడిలాగే చూశాడు.

బ్లేడుతో చెక్కాడు. నెత్తురు కారితే మట్టి అద్దాడు. మళ్లీ లేచింది. ట్రాక్టరు బ్యాటరీలోని ఆసిడ్ చుక్క వేసి, మాంసం ఉడుకుతుంటే పళ్లు బిగబట్టి కూర్చున్నాడు. ఒకటి నాలుగైంది, నాలుగు తొమ్మిదయ్యాయి. ఎడమ కాలికీ పాకాయి. మామిడితోటలో అడుగు వేస్తే మేకు దిగినట్టుండేది.

ఒక ఆదివారం పొద్దున కొడవలి నూరుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"ఇయ్యాళ దీని వేరు పెరికేస్తా."

"మతుండే చేస్తున్నావా? కాలు తీసేస్తారయ్యా!" భార్య సీతారావమ్మ వచ్చి కొడవలి పట్టుకుంది.

"వదలవే!"

వదల్లేదు. బలం కొద్దీ లాగాడు. కొడవలి ఆయన చేతికొచ్చింది. ఆమె అరచెయ్యి ఎముక కనబడేలా తెగింది.

ఆటోలో తిరువూరు చేరేదాకా ఆమె ఏడవలేదు, తిట్టలేదు. చెంప మీద కొట్టినా ఆయనకు అంత బాధ ఉండేది కాదు. ఆసుపత్రిలో ఏడు కుట్లు పడ్డాయి. ఆయన కుంటడం చూసిన నర్సు, పక్కగదిలోని చర్మం డాక్టరు రూత్ దగ్గరికి పంపింది.

"ఇవి ఆనెలు కావు బాబాయ్, పులిపిర్లు. వైరస్సు. కోసి కోసి మీరే నాటుకున్నారు. చేలో తుంగగడ్డిని పైపైన కోస్తే పోద్దా?"

"గడ్డతో సహా పీకండి."

"పీకను. పిల్లలకి తట్టు రాకుండా వేసే టీకా ఉంది చూడండి, అది పెద్ద పులిపిరిలోకి ఎక్కిస్తా. మీ ఒళ్లు మేలుకుని మిగతావాటినీ వెతికి చంపుద్ది. అందరికీ పనిచెయ్యదు, చూద్దాం."

"చంటిపిల్లల టీకా నాకా?"

"మీ కోపం చూస్తే పెద్దవాళ్లలా లేరుగా!"

"అయితే తొమ్మిదింటికీ పొడిచెయ్యండి."

"ఒక్కదానికే."

సూది దిగగానే మంచం కమ్మీ ఊడొచ్చేలా పట్టుకున్నాడు. బూతు నోటిదాకా వచ్చింది. ఎదురుగా సీతారావమ్మ, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మింగేశాడు.

మూడు వారాలకో సూది. మూడోదయ్యాక, సూది ముట్టని ఎడమ కాలి పులిపిర్లు నల్లబడి రాలాయి. అయిదో నెలకి రెండు అరికాళ్లూ నున్నబడ్డాయి.

ఇప్పుడు తోటంతా తిరుగుతాడు. ఇంట్లో కొడవలి, బ్లేడు ఎక్కడుంటాయో మాత్రం ఆయనకు తెలియదు.

"ఏమే, గడ్డం గీసుకోవాలి."

సీతారావమ్మ బ్లేడు తెచ్చిస్తుంది. వేళ్లు పూర్తిగా ముడుచుకోని చేత్తో గుంజ పట్టుకుని, గీసుకోవడం అయ్యేదాకా అక్కడే నిలబడుతుంది. ఆయన అద్దంలోకే చూస్తాడు.