చీమ కుట్టినంతే అని చెప్పాను

ఎనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా పాప వయసూ దాని వయసూ ఇంచుమించు ఒకటే. పాపను చంకన ఎత్తుకున్న రోజుల్లో అదీ తేలిగ్గానే ఉండేది. పాప ఎప్పుడో దిగి బడికి పోతోంది. ఇది మాత్రం పెరిగి పెద్దదై ఇంకా చంకలోనే కూర్చుంది.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకు చెప్పలేను, ఎందుకంటే తెలిసినవాళ్ళందరికీ ఆ అబద్ధం ముందే చెప్పేశాను. నేను నవ్వుతూ మాట్లాడే మనిషిని. ఇది కూడా అట్లాగే చెబుతాను. మధ్యలో నవ్వు ఆగితే ఏమనుకోవద్దు.

మా ఊరు మార్కాపురం నుంచి దొనకొండ పోయే వైపు. అంతా మెట్ట. కంది, సజ్జ, ఆముదం. వాన పడితే పంట, లేకపోతే లేదు. పెళ్ళయి ఆరేళ్ళయినా నాకు కడుపు పండలేదు. మొక్కని దేవుడు లేడు, మింగని పసరు లేదు. చివరికి రైలెక్కి గుంటూరులో ఒక ఆస్పత్రికి పోయాం. అక్కడి డాక్టరమ్మ ఐవీఎఫ్ చేద్దామంది. పిండాన్ని బయట తయారుచేసి గర్భసంచిలో పెడతారట. దానికి ముందు నెలలో ఇంకో చిన్న పని ఉంటుందట. సన్నని గొట్టం లోపలికి పంపి గర్భసంచి పొరను కాస్త గీకుతారు. అట్లా గీకితే పిండం బాగా అంటుకుంటుందని కొందరంటారు, ఖాయమని నేను చెప్పలేను, చేయించుకోవడం మీ ఇష్టం అంది.

ఆమె ఖాయం చెయ్యలేదు. ఖాయం చేసింది మా అత్త.

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పగానే అత్త తొడ చరిచింది. "అంతే గదే! వాన పడి ఆరినాక నేల మీద పెచ్చు గట్టుద్ది. గుంటక తోలకుండా గొర్రు పడతారా యాడన్నా? ఆ యమ్మ ఎవురో సేద్యం దెలిసిన బిడ్డలాగుంది."

గుంటక అంటే ఎద్దులతో లాగించే ఇనుప బద్ద. పైమట్టిని గీరి వదులు చేస్తుంది. ఆ తర్వాతే గొర్రుతో విత్తనం వేస్తారు. మెట్ట సేద్యం చేసేవాళ్ళకు ఇంతకు మించిన రుజువు ఏం కావాలి? మామ తలూపాడు. మా ఆయన తలూపాడు. నేనూ ఊపాను. డిగ్రీ రెండో సంవత్సరం దాకా చదివినదాన్ని, గర్భసంచి కంది చేను కాదు కదా అని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఆ మాట అంత చక్కగా అతికింది.

చెప్పిన రోజు వచ్చింది. మగవాళ్ళను లోపలికి రానివ్వరు కాబట్టి మా ఆయన బయట బెంచీ మీద ఉన్నాడు. నేను లోపల గౌను వేసుకుని నా వంతు కోసం కూర్చున్నాను. తెర అవతల ఎవరో ఒకామె "అమ్మా" అని అరిచింది. పెద్ద అరుపు కాదు. కానీ నా కాళ్ళల్లో ఉన్న ధైర్యమంతా చెప్పుల్లోంచి జారిపోయింది. నర్సమ్మ వచ్చి నా పేరు పిలిచింది. నాకు వద్దు మేడం అన్నాను. ఆమె కోప్పడుతుందని, డాక్టరమ్మ చేత తిట్టిస్తుందని అనుకున్నాను. ఆమె మాత్రం, వద్దంటే మానేద్దాం, పిండం పెట్టడం అనుకున్న ప్రకారమే జరుగుతుంది, దీనిమీద సంతకం పెట్టమ్మా అంది. పెట్టాను. అంతే. రెండు నిమిషాలు.

అప్పుడే బయటికి వచ్చి, భయపడి మానేశానయ్యా అని చెప్పుంటే మా ఆయన నవ్వేవాడు. ఆయన మంచివాడు, సూదికి ఆయనా భయపడతాడు. మరి ఎందుకు చెప్పలేదు? అత్త గుర్తొచ్చింది. పొద్దున బయల్దేరేటప్పుడు నా నుదుట బొట్టు పెట్టి, జంకొద్దమ్మా అని పంపింది. ఆమె ముందు పిరికిదాన్ని కాలేకపోయాను. బాత్‌రూములో పావుగంట కూర్చుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, కుంటుతూ బయటికొచ్చాను. కుంటడం ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. గీకేది కాలును కాదు కదా.

మా ఆయన నా చేతిసంచి లాక్కుని, రైలు ఎక్కేటప్పుడు చెయ్యిచ్చి, మార్కాపురం రోడ్డు స్టేషను దాకా నన్ను గాజుబొమ్మను తెచ్చినట్టు తెచ్చాడు. ఇంట్లో వారం రోజులు నేను చీపురు ముట్టుకోలేదు. నాటుకోడి రసం, మెత్తటి అన్నం, మంచం మీదికే కాఫీ. కంది కోతల కాలం, ఊరంతా చేలల్లో ఉంది, నేను ఫ్యాను కింద ఉన్నాను. నిజం చెబుదామనే కూర్చున్నాను కాబట్టి చెబుతున్నా, ఆ వారం నాకు చాలా బాగుంది.

తర్వాతి నెల పిండం పెట్టారు. నిలిచింది. మా పాప పుట్టింది.

ఇక మా అత్తను పట్టుకునేవాళ్ళు లేరు. పురిటికొచ్చిన ప్రతి మనిషికీ గుంటక కథ. పెళ్ళికి పోయినా, బస్సులో ఎవరు పక్కన కూర్చున్నా అదే. పుల్లలచెరువు దాకా పాకింది. పిల్లల్లేని ఆడవాళ్ళు ఇంటికే వచ్చి నన్ను అడిగేవాళ్ళు. మొదట్లో తప్పించుకునేదాన్ని. తర్వాత, ఏం చెప్పను, అలవాటైపోయింది. ఎట్లా పడుకోబెడతారు, ఎంతసేపు పడుతుంది, తర్వాత ఏం తినాలి. తినే సంగతి మాత్రం స్వానుభవం. మిగతాదంతా కల్పించాను. నేను చెబుతుంటే వాళ్ళ మొహాలు వెలిగేవి. మంచి పనే చేస్తున్నానేమో అని కూడా అనుకున్నాను. వాళ్ళల్లో ఇద్దరికి పిల్లలు పుట్టారు, చీరలు తెచ్చి పెట్టారు. కట్టుకున్నాను. బాగున్నాయి చీరలు.

రాజి దగ్గరికి వచ్చేసరికి ఈ నవ్వు సరిగా రాదు.

రాజి మా మరిది భార్య, నా తోటికోడలు. గిద్దలూరు పిల్ల. నాకంటే ఆరేళ్ళు చిన్నది, నాకంటే ధైర్యస్తురాలు. తనకు కూడా పిల్లలు కలగలేదు. అదే ఆస్పత్రికి తీసుకుపోయాం. గీకించుకోవడం మీ ఇష్టం అని డాక్టరమ్మ ఆమెకూ చెప్పింది. ఆ సాయంత్రం మిద్దె మీద ఎండిన మిరపకాయలు తొడిమలు తీస్తూ రాజి అడిగింది.

"అక్కా, నిజం జెప్పు. నొప్పి ఎట్లుంటది?"

నేను చేతిలో కాయను తిప్పుతూ, "చీమ కుట్టినంతే" అన్నాను.

చీమ. ఆ మాట నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. అడిగిన వాళ్ళందరికీ అదే చెప్పి చెప్పి నాలుకకు పట్టేసింది. రాజి నవ్వి, అయితే పద అంది.

గీకించుకుని బయటికొచ్చిన రాజి మొహం పాలిపోయింది. అయినా నన్ను చూసి కన్ను కొట్టి, "చీమ గాదక్కా, తేలు" అంది. ఆమె కుంటలేదు. నిటారుగా నడిచి ఆటో ఎక్కింది. కుంటాల్సిన మనిషి నడిచిపోతుంటే, ఆ రోజు నేను కుంటిన కుంటు నాకు గుర్తొచ్చింది. మొదటిసారి పిండం నిలవలేదు. రెండోసారి మళ్ళీ గీకించుకుంది, అప్పుడూ నిలవలేదు.

ఇంకా రెండు పిండాలు ఆస్పత్రిలో చల్లగా భద్రపరిచి ఉన్నాయి. వాటిని వాడుకుంటారా, వదిలేస్తారా, కాగితం మీద రాసివ్వమన్నారు. నేను తోడు పోయాను. మా మరిది తన సంతకం పెట్టి, కళ్ళు తుడుచుకోవడం ఎవరూ చూడకూడదని వరండాలోకి పోయాడు. రాజి పెన్ను పట్టుకుని నా వైపు తిరిగింది.

"నీది మంచి నేలక్కా. ఒక్కసారి గుంటక తోలితేనే మొలిచింది. నాకు రెండుసార్లు తోలినారు. నాది రాయి. రాతి మీద ఏసి ఆ రెండింటిని గూడా సంపుకునేదెందుకు?"

అప్పుడు చెప్పాలి. ఇంకెప్పుడో కాదు, సరిగ్గా అప్పుడే. నా నేలకు గుంటక తోలనే లేదు రాజీ, నేను భయపడి పారిపోయినాను, నన్ను చూసి నిన్ను నువ్వు రాయి అనుకోవద్దు. మూడు ముక్కలు. పట్టుమని పది సెకన్లు పట్టవు. నా నోరు తెరుచుకుంది కూడా. అందులోంచి వచ్చిన మాట ఏంటో తెలుసా?

"నీ ఇష్టం రాజీ."

ఆమె సంతకం పెట్టింది.

ఎందుకు చెప్పలేదు అని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. అత్త ముందు పరువు పోతుందనా? చీరలు పెట్టిన వాళ్ళు ఏమంటారనా? అవీ ఉన్నాయి. కానీ అడుగున ఇంకోటి ఉంది, అది రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది. ఆమె 'నీది మంచి నేల' అన్నప్పుడు నాకు బాగుంది. ఆరేళ్ళు గొడ్రాలు అనిపించుకున్న నా చెవికి ఆ మాట తీయగా తగిలింది. ఆమె తనను రాయి అనుకుంటున్న క్షణంలో నేను ఆ తీపిని చప్పరిస్తూ కూర్చున్నాను.

పోయిన ఏడాది చీరాల నుంచి వచ్చిన ఒక బంధువుల అమ్మాయికి తోడుగా ఆ ఆస్పత్రికే మళ్ళీ పోయాను. ఇప్పుడు అక్కడ కొత్త డాక్టరు, చిన్న వయసు పిల్ల. గీకుతారా అని ఆ అమ్మాయి అడిగింది, నేను నేర్పిన ప్రశ్నే. డాక్టరు తల అడ్డంగా ఊపింది. మేము మానేశాం, చాలామంది ఆడవాళ్ళ మీద జాగ్రత్తగా పోల్చి చూశారు, గీకినా గీకకపోయినా గర్భం నిలవడంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు, నొప్పి మాత్రం మిగులుతుంది అంది.

ఆ మాట వినగానే నాకు మొదట కలిగింది సంతోషం, దాచను. అయితే నా అబద్ధం వల్ల రాజికి పోయిందేమీ లేదు కదా అనుకున్నాను. ఆ సంతోషం బస్టాండు దాకా కూడా రాలేదు. మరి ఆమె పడ్డ నొప్పి? రెండుసార్లు పడింది, నా చీమను నమ్మి. సరే, నొప్పి మరుపుకొచ్చింది అనుకుందాం. మరి ఆ రెండు పిండాలు? నాకు నిలవడం, ఆమెకు నిలవకపోవడం, రెండూ ఎవరి చేతిలోనూ లేని సంగతులని ఆ రోజు ఆమెకు తెలిసుంటే, ఇంకోసారి చూద్దాం అని ఉండేదేమో. ఉండేది కాదేమో. నిలిచేదేమో, నిలిచేది కాదేమో. నాకు తెలియదు. తెలియకుండా చేసింది నేనే.

రాజి బాగుంది. మీరు ఏడుపు మొహాన్ని ఊహించుకోకండి. గిద్దలూరులో బ్లౌజులు కుట్టే దుకాణం పెట్టింది, నలుగురు అమ్మాయిలు పనిచేస్తారు, ఆమె నోటికి ఎదురు లేదు. మా పాప సెలవులంటే పిన్నమ్మ దగ్గరికే పరుగు. పోయిన నెల ఎవరో పెద్దామె పిల్లలెంతమంది అని అడిగితే, రాజి సూది దారం పళ్ళతో తుంచుతూ, మాది రాతి నేల పెద్దమ్మా, మా అక్కది నల్లరేగడి అని పకపకా నవ్వింది. దుకాణంలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకా నవ్వగలిగాను, చూశారా?

రాజి ఇట్లాంటివి చదవదు. అందుకే ఇక్కడ రాస్తున్నానా? అవును, అందుకే. పిరికితనం నన్ను వదల్లేదు. ఎదురుగా కూర్చుని చెప్పే రోజు వస్తుందని మాట కూడా ఇవ్వను, నా మాటలు ఎట్లాంటివో మీకు తెలిసిపోయింది కదా. క్షమించమని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు.

కానీ ఒక్కసారైనా ఆమె పేరు పెట్టి రాయాలని ఉంది.

రాజీ, నాకు ఎవరూ ఏమీ గీకలేదు. నొప్పి ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. నువ్వు పడ్డావు కాబట్టి అది నీకే తెలుసు. నాకు నిలిచింది నా కడుపు గొప్పదని కాదు, నీకు పోయింది నీ కడుపు చెడ్డదని కాదు. నువ్వు రాయివి కావు. ఎప్పుడూ కావు. ఆ కాగితం మీద నువ్వు సంతకం పెడుతుంటే ఈ సంగతి తెలిసిన మనిషి ఆ గదిలో ఒకతి ఉంది, నీ పక్కనే కూర్చుంది, నోరు మూసుకుంది.

ఇది ఇన్నేళ్ళలో నేను నిజంగా చెప్పిన మొదటి మాట. నొప్పిగానే ఉంది, చీమ కుట్టినంత అని మాత్రం అనను.